పునీతుల్ని తలచుకోవడం ఒక సాధన: సకల పునీతుల పండుగకు ముందు చేసిన ప్రసంగం

గురువులకు, మఠకన్యలకు, ఉపదేశులకు, విచారణ (పారిష్) పెద్దలకు, అక్కచెల్లెళ్ళకు, అన్నదమ్ములకు వందనాలు.

నవంబరు 1 దగ్గర పడింది. పునీతుల్ని గౌరవించడం మనకు బాగా వచ్చు. స్వరూపానికి పూలదండ వేస్తాం, కొవ్వొత్తి వెలిగిస్తాం, తేరు ఊరేగిస్తాం, తొమ్మిది రోజులూ విడవకుండా ప్రార్థనలకు వస్తాం. ఇవన్నీ మంచివే, మానమని చెప్పడానికి రాలేదు. కానీ పండుగ మర్నాడు మన ఇంట్లో ఏం మారింది అని అడిగితే చాలామందిమి తడుముకుంటాం. తలచుకోవడం పండుగ రోజుతో ఆగిపోకుండా సోమవారం పొద్దునకు, వంటింటికి, పొలానికి, ఆఫీసుకు ఎలా చేరుతుందో ఈ పూట మాట్లాడుకుందాం. దానికి ఒక పద్ధతి ఉంది. అది చాలా పాతది.

సుమారు క్రీ.శ. 155లో స్ముర్న పట్టణంలో పొలికార్పు అనే వృద్ధ మేత్రాణుల్ని (బిషప్పును) రోమా అధికారులు పట్టుకున్నారు. ఆ ఊరే ఇప్పటి టర్కీలోని ఇజ్మీర్. క్రీస్తును దూషిస్తే వదిలేస్తామన్నారు. "ఎనభై ఆరేళ్ళుగా ఆయన్ని సేవిస్తున్నాను, నాకు ఏ కీడూ చేయలేదు, నన్ను రక్షించిన నా రాజును ఎలా దూషించను?" అన్నారాయన. చంపి, దేహాన్ని కాల్చేశారు. ఆ తర్వాత స్ముర్న సంఘం మరో ఊరి సంఘానికి రాసిన ఉత్తరం ఇప్పటికీ మన దగ్గరుంది. ఎముకలు ఏరుకుని తగిన చోట ఉంచామని, ఏటా ఆ రోజున అక్కడ చేరి, విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన ఆయన హతసాక్షి మరణాన్ని పుట్టినరోజుగా జరుపుకుంటామని అందులో రాశారు. ఎందుకో కూడా రాశారు: ముందే పోరాడి వెళ్ళినవారి జ్ఞాపకం కోసం, ఇక ముందు పోరాడవలసినవారి శిక్షణ కోసం.

శిక్షణ అనే ఆ మాట దగ్గర కాసేపు ఆగండి. అంటే పండుగ మొదలైన రోజునే అది సగం జ్ఞాపకం, సగం సాధన. రెండో సగం మన దగ్గర జారిపోయింది.

ఆ ఉత్తరంలోనే ఇంకో సంగతి ఉంది. సిలువ వేయబడినవాణ్ణి వదిలేసి వీళ్ళు ఈ పొలికార్పునే పూజిస్తారేమోనని అప్పట్లోనే కొందరు అన్నారట. క్రీస్తును దేవుని కుమారుడిగా ఆరాధిస్తాం, హతసాక్షుల్ని ఆయన శిష్యులుగా ప్రేమిస్తాం అని సంఘం జవాబు చెప్పింది. మీ ఇంటి పక్క ప్రొటెస్టెంటు బంధువులు ఈ ప్రశ్న అడిగితే చిన్నబుచ్చుకోకండి. గుంటూరు వైపు లూథరన్ కుటుంబాలతో మనకు వియ్యాలూ ఉన్నాయి, స్నేహాలూ ఉన్నాయి. వారి 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన 21వ అంశం పునీతుల్ని వేడుకోవడాన్ని ఒప్పుకోదు. అయితే పునీతుల విశ్వాసాన్ని, సత్క్రియల్ని ఎవరి పిలుపుకు తగ్గట్టు వారు అనుసరించడానికి వారిని జ్ఞాపకం చేసుకోవచ్చని అదే అంశం చెబుతుంది. హెబ్రీయుల పత్రిక 13వ అధ్యాయం 7వ వచనం మాటా అదే: నాయకులను జ్ఞాపకం చేసుకోండి, వారి విశ్వాసాన్ని అనుసరించండి. వేడుకోలు దగ్గర మనం విడిపోతాం. అనుసరించడం దగ్గర ఒకే బల్ల మీద కూర్చోవచ్చు.

"ఎవరి పిలుపుకు తగ్గట్టు వారు." ఇది పట్టించుకోకపోతే ఏమవుతుందో పునీత ఇన్నాసివారి జీవితం చూపిస్తుంది. లొయోలా ఇగ్నేషియస్ అంటే ఎక్కువమంది గుర్తుపడతారు.

1521 మే 20న స్పెయిన్‌లోని పాంప్లోనా కోటలో ఫిరంగి గుండు తగిలి ఆయన కాలు విరిగింది. మంచాన పడి, పొద్దుపోక వీరుల కథల పుస్తకాలు అడిగారు. ఆ ఇంట్లో అవి లేవు. క్రీస్తు చరిత్ర ఒకటి, పునీతుల చరిత్రలు ఒకటి తెచ్చిచ్చారు. చదువుతూ పడుకున్న మనిషి తన మనసులో ఒక తేడా కనిపెట్టారు. యుద్ధాలు, బిరుదులు ఊహించుకుంటే అప్పటికి ఉషారుగా ఉంటుంది, కాసేపటికి లోపలంతా ఎండిపోతుంది. ఫ్రాన్సిస్‌వారు ఇలా చేశారు, దోమినిక్‌వారు ఇలా చేశారు, నేనెందుకు చేయకూడదు అని ఊహించుకుంటే ఆ సంతోషం పుస్తకం మూసినా పోవడంలేదు. ఒక పునీతుడి చరిత్ర చదివాక మీరు చేయవలసిన మొదటి పరీక్ష ఇదే. చదువుతున్నప్పుడు కన్నీళ్ళొచ్చాయా అన్నది ముఖ్యం కాదు. గంట తర్వాత లోపల ఏం మిగిలింది?

అయితే ఆ ఊపులో ఆయన మన్రేసా అనే ఊళ్ళో పైపైవి పట్టుకున్నారు. జుట్టు, గోళ్ళు పెంచారు. కఠిన ఉపవాసాలు చేసి ఒళ్ళు పాడుచేసుకున్నారు. తర్వాత జుట్టు, గోళ్ళు కత్తిరించుకున్నారు. తాను స్థాపించిన యేసు సభలో ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోవాలని నియమం పెట్టారు. ఇదే పొరపాటు ఈస్టరుకు ముందు వచ్చే తపస్సుకాలంలో మన ఇళ్ళల్లోనూ జరుగుతుంది. ఎవరో ఎడారి సన్యాసి రొట్టె, నీళ్ళతో బతికారని చదివి, షుగరు మాత్రలు వేసుకునే అమ్మ మూడు పూటలూ మానేస్తుంది. ఆ సన్యాసి ఉపవాసం ఆయన వయసుకు, ఆయన ఒంటికి, ఆయన జీవితానికి సరిపోయింది. అందులోంచి మనం తీసుకోవలసింది ఆయన దేన్ని వదులుకున్నారు, ఎవరి కోసం అన్న సంగతి. ఎన్ని పూటలు అన్నది కాదు.

ఇన్నాసివారే మనకు ఒక పనిముట్టు కూడా ఇచ్చి వెళ్ళారు. ఆధ్యాత్మిక సాధనల పుస్తకంలో ఉంది, ప్రత్యేక ఆత్మపరిశీలన అంటారు. ఖర్చేమీ లేదు, ఒక కాగితం, పెన్సిలు చాలు. వారానికి ఏడు రోజులు, రోజుకు రెండు గీతలు, మొత్తం పద్నాలుగు గీతలు గీయండి. మానుకోవలసిన తప్పు ఒక్కటే ఎంచుకోండి. పొద్దున లేవగానే, ఈ రోజు దీన్ని కనిపెట్టి ఉంటానని సంకల్పం చెప్పుకోవాలి. మధ్యాహ్నం భోజనం తర్వాత, లేచినప్పటినుంచి ఇప్పటిదాకా గంట గంటకూ వెనక్కి చూసుకుని, ఎన్నిసార్లు జారితే అన్ని చుక్కలు పై గీత మీద పెట్టాలి. రాత్రి భోజనం తర్వాత కింది గీత మీద మళ్ళీ అంతే. పగటి మధ్యలో జారిన క్షణాన గుండె మీద చెయ్యి వేసుకోమన్నారాయన, పక్కవాళ్ళకు తెలియకుండా. తర్వాత పై గీతను కింది గీతతో, నిన్నటిని ఇవాళ్టితో, పోయిన వారాన్ని ఈ వారంతో పోల్చుకోవాలి. సద్గుణం అలవరచుకోవడానికీ ఇదే పద్ధతి పనికొస్తుంది.

ఇది ఎక్కడ చెడిపోతుందో ముందే చెబుతాను. "ఓర్పుగా ఉంటాను" అని రాసుకుంటారు. ఓర్పుకు చుక్క పెట్టలేరు. "రాత్రి అన్నం దగ్గర అత్తగారు మాట అంటే, నోరు తెరిచే ముందు ఒక పరలోక జపం చెప్పుకుంటాను" అని రాసుకోండి. చేశారో లేదో తేలిపోతుంది. రెండోది, మధ్యాహ్నం చూసుకోవడం మరిచిపోయి అంతా రాత్రికి పెట్టుకుంటారు. రాత్రికి పొద్దుటి విషయాలు సగం గుర్తుండవు. భోజనం వేళ దాటగానే ఫోనులో అలారం పెట్టుకోండి, మూడు నిమిషాల పని. మూడోది, అన్నిటికన్నా పెద్దది. మొదటి మూడు నాలుగు రోజుల్లో చుక్కలు పెరుగుతాయి. చాలామంది అక్కడే కాగితం చించేస్తారు. తప్పు పెరగలేదు, ఇన్నాళ్ళూ చూడనిది ఇప్పుడు కనబడుతోంది. పది రోజులు ఆగండి.

ఇక పిల్లల సంగతి. దీనికి పునీత చిన్న తెరేజమ్మగారి ఇంటికి వెళ్ళాలి. 1873 జనవరి 2న ఫ్రాన్సు దేశం అలాన్సోన్‌లో పుట్టారు. 1897 సెప్టెంబరు 30న, 24 ఏళ్ళకే, లిసియూ కార్మెల్ మఠంలో క్షయతో కన్నుమూశారు. ఆమె పసిదిగా ఉన్నప్పుడు మరీ అనే పెద్దక్క చెల్లెళ్ళకు ఒక పూసల దండ ఇచ్చింది. చిన్న త్యాగం చేసినప్పుడల్లా ఒక పూస జరపాలి. తెరేజా ఆ పూస జరపడానికి రోజుకు ఎన్నోసార్లు జేబులో చెయ్యి పెడుతోందని తల్లి జెలీ ఉత్తరంలో రాసింది. ఆ తల్లిదండ్రులు లూయీ, జెలీ కూడా 2015 అక్టోబరు 18న పునీతులయ్యారు.

ఆ దండ మన ఉపదేశ తరగతిలో అరగంటలో చేయించవచ్చు. పది పూసలు, రెండడుగుల దారం, ఒక చిన్న సిలువ కావాలి. దారం సగానికి మడిచి, మడత దగ్గర సిలువ కట్టండి. ఇప్పుడు రెండు కొసలూ ఉన్నాయి కదా. ఒక్కో పూసలోకి ఒక కొస కుడినుంచి, రెండో కొస ఎడమనుంచి దూర్చి లాగండి. అప్పుడే పూస ఎక్కడికి జరిపితే అక్కడ నిలబడుతుంది. రెండు కొసలూ ఒకే వైపునుంచి దూరిస్తే మామూలు దండలాగా జారిపోతుంది, లెక్క నిలవదు. పది పూసలూ ఎక్కించాక మూడు వేళ్ళ ఖాళీ వదిలి ముడి వేయండి, ఆ ఖాళీలోనే పూసలు కదలాలి. నైలాను దారం నున్నగా ఉండి జారుతుంది. నూలు దారానికి కాస్త మైనం రాస్తే పట్టు ఉంటుంది. పూస బెజ్జం రెండు పోగులు బిగుతుగా పట్టేంతే ఉండాలి.

దండ జేబులో ఉండాలి, మెడలో కాదు. ఎవరు ఎన్ని పూసలు జరిపారని తరగతిలో అడగొద్దు, ఎక్కువ జరిపినవాళ్ళకు చాక్లెట్లు ఇవ్వొద్దు. ఇచ్చిన మర్నాటినుంచి పిల్లలు లెక్కకోసం పనులు వెతుక్కుంటారు, ఆ పని ఎవరికి ఉపయోగపడిందో చూడరు.

తెరేజమ్మగారు మఠంలో చేరాక ఏం చేశారో చూస్తే, పూస జరపడం ఎందుకు నేర్పాలో తెలుస్తుంది. అక్కడ పేతురు పేరు పెట్టుకున్న ఒక ముసలి సిస్టరుగారు ఉండేవారు, నడవలేరు. సాయంత్రం ఆరుకు పది నిమిషాలుండగా ఎవరో ఒకరు ఆమెను ప్రార్థనశాలనుంచి భోజనశాలకు తీసుకెళ్ళాలి. ఆమెను మెప్పించడం కష్టం. తెరేజమ్మగారే ముందుకొచ్చారు. సమయం కాగానే ఆ ముసలామె తన ఇసుక గడియారం ఆడించేవారు, పద అని అర్థం. బల్ల ఒక పద్ధతిలోనే జరపాలి, తొందరపడకూడదు. నడుము పట్టీ పట్టుకుని వెనక నడవాలి. కాస్త వేగంగా వెళితే నన్ను పడేస్తావంటారు, నెమ్మదిగా వెళితే నీ చెయ్యి తగలడంలేదు, వదిలేశావంటారు. భోజనశాలలో కూర్చోబెట్టి, ఆమె చెప్పిన తీరులోనే చేతి మడతలు సర్దాలి. అక్కడితో పని అయిపోయింది, వెళ్ళిపోవచ్చు. కానీ ఆమె వంకర తిరిగిన చేతులతో రొట్టె కోసుకోలేకపోవడం తెరేజమ్మగారి కంట పడింది. అప్పటినుంచి రోజూ రొట్టె కోసి పెట్టి, చక్కగా ఒక నవ్వు నవ్వి వెళ్ళేవారు. కోసి పెట్టమని ఎవరూ అడగలేదు. ఆ ముసలామె మనసు గెలిచింది ఆ రొట్టె ముక్కలతో, అంతకన్నా ఆ నవ్వుతో అని తెరేజమ్మగారే స్వయంగా రాశారు.

మన ఇళ్ళల్లో మంచం పట్టిన పెద్దవాళ్ళున్నారు. మాత్ర ఇస్తాం, డయాపరు మారుస్తాం, అన్నం పెడతాం. అడిగినవన్నీ చేస్తాం. ఈ వారం అడగనిది ఒకటి కనిపెట్టండి. నీళ్ళ గ్లాసు వాళ్ళ చెయ్యి అందే వైపు ఉందా? మాట్లాడేటప్పుడు వాళ్ళకు వినపడే చెవి వైపు కూర్చుంటున్నామా? తెరేజమ్మగారి భక్తి అంటే ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను. గులాబీలు పట్టుకున్న ఆమె పటం ఆ తర్వాతే.

యువకులు అడుగుతారు, మఠంలో లేనివాళ్ళెవరైనా ఉన్నారా అని. 2025 సెప్టెంబరు 7న లియో పోపుగారు ఇద్దరు యువకులకు పునీత పట్టం ఇచ్చారు: కార్లో అకుటిస్, పియర్ జార్జో ఫ్రస్సాతి. కార్లో గురించి మీ ఫోన్లలో చాలా చూశారు కాబట్టి ఫ్రస్సాతి గురించి చెబుతాను. ఇటలీలో తురీను నగరం. తండ్రి పత్రిక యజమాని, కొంతకాలం రాయబారి. కొడుకు గనుల ఇంజనీరింగు విద్యార్థి, కొండలెక్కడం అంటే ప్రాణం. విన్సెంట్ డి పాల్ సంఘంలో చేరి పేదల ఇళ్ళకు వెళ్ళేవాడు. 1925 జూన్ చివర పోలియో సోకింది. అదే వారంలో ఇంట్లో అమ్మమ్మ చావుబతుకుల్లో ఉండటంతో అతని జబ్బు ఎవరూ గమనించలేదు. జులై 3న, చెయ్యి చచ్చుబడుతుండగా, వంకరటింకర అక్షరాలతో ఒక చీటీ రాయగలిగాడు. ఫలానా ఆయనకు ఇవ్వవలసిన ఇంజెక్షన్లు ఇవిగో. ఈ తాకట్టు చీటీ ఫలానా వాళ్ళది, నేను మరిచిపోయాను, నా లెక్కలో తిరగరాయించు. మర్నాడు చనిపోయాడు, 24 ఏళ్ళు. అంత్యక్రియలకు తురీను పేదలు వీధులు నిండా వచ్చేదాకా అతను ఏం చేస్తున్నాడో ఇంట్లోవాళ్ళకే పూర్తిగా తెలియదు.

ఆ చీటీలో ఏముందో గమనించారా? పేదల మీద జాలి అనే మాట లేదు. మనిషి పేరుంది, మందుంది, గడువుంది. మన విన్సెంట్ డి పాల్ సభ్యులు ఇద్దరిద్దరుగా ఇళ్ళకు వెళ్ళినప్పుడు ఈ మూడూ రాసుకోండి. ఎవరు, ఏం కావాలి, ఏ తేదీలోపు. వెళ్ళి పలకరించి రావడంతో ఆగితే రెండో నెలకే మానేస్తాం. బంగారం వేలానికి వెళ్ళే తేదీ చేతిలో ఉంటే ఆగలేం.

మన దేశం వాళ్ళు? పునీత దేవసహాయంవారు ఉన్నారు. 1712లో కన్యాకుమారి జిల్లా నట్టాలంలో పుట్టారు, తిరువాన్కూరు రాజు కొలువులో ఉద్యోగి. 1745లో జ్ఞానస్నానం పుచ్చుకున్నారు. కుల భేదం లేకుండా అందరితో కలిసి మసలడం ఆయన మీద పగ పెంచింది. చెరలో పెట్టి, దున్నపోతు మీద ఊరూరా తిప్పి, 1752 జనవరి 14న ఆరల్‌వాయ్‌మొళి దగ్గర కాల్చి చంపారు. 2022 మే 15న పునీత పట్టం ఇచ్చినప్పుడు ఆయన పేరు చివరనున్న కులం పేరు తీసేసి ఒట్టి దేవసహాయం అనే ప్రకటించారు. ఆయన పండుగ జనవరి 14, మన సంక్రాంతి రోజుల్లోనే. అరిసెలు ఇంటింటికీ పంచే రోజులు. మన విచారణల్లో ఇప్పటికీ కులాల వారీగా కూర్చునే చోట్లున్నాయి, సమాధుల తోటలు వేరుగా ఉన్న ఊళ్ళున్నాయి. ఇది అందరికీ తెలుసు, పైకి అనం. ఆయన్ని తలచుకోవాలంటే ఆ రోజు ఎప్పుడూ మీ గడప తొక్కని ఒక కుటుంబాన్ని భోజనానికి పిలిచి, పక్కన కూర్చుని తినండి. అరిసెలు పంపించి ఊరుకుంటే చాలదు.

ఎవర్ని ఎంచుకోవాలో తెలియకపోతే మీ పేరునుంచి మొదలుపెట్టండి. రాయప్ప, చిన్నప్ప అని పేరున్నవారికి జూన్ 29. ఇన్నయ్యకు జులై 31. అంతోనికి జూన్ 13. జోజయ్యకు మార్చి 19. అన్నమ్మకు జులై 26. శౌరయ్యకు డిసెంబరు 3. శౌరివారు, అంటే ఫ్రాన్సిస్ శౌరి, యూరోపునుంచి స్నేహితులు రాసిన ఉత్తరాల్లోంచి వాళ్ళ సంతకాలు కత్తిరించి, గుండె దగ్గర కట్టుకుని తిరిగేవారని మనలో ఎంతమందికి తెలుసు? దూరదేశాల్లో ఉన్న పిల్లల కోసం ప్రార్థించే తల్లిదండ్రులకు ఇంతకన్నా దగ్గరి పునీతుడు లేరు. ఏడాదికి ఒక్కరు చాలు. పూజగదిలో పదిహేను పటాలు పెట్టుకుని ఒక్కరి ఉత్తరమైనా చదవకపోవడం కన్నా అది మేలు.

నవదిన ప్రార్థనల లెక్క చాలాచోట్ల తప్పుతోంది. తొమ్మిది రోజులూ పండుగకు ముందే పూర్తవ్వాలి. తెరేజమ్మగారి పండుగ అక్టోబరు 1 కాబట్టి సెప్టెంబరు 22న మొదలై 30తో ముగుస్తాయి. శౌరివారికి నవంబరు 24నుంచి డిసెంబరు 2 దాకా. పండుగ రోజును తొమ్మిదోదిగా కలిపేస్తే ఒకరోజు ఆలస్యంగా మొదలుపెట్టినట్టు. రోజూ ప్రార్థన తర్వాత ఆ పునీతుడి జీవితంలోంచి ఒక పని చెప్పి, మర్నాటిలోగా చేసి రమ్మని పంపండి.

ఇంకొక్క హెచ్చరిక. ఈ ప్రార్థన తొమ్మిదిమందికి పంపకపోతే కీడు జరుగుతుందని వచ్చే సందేశాలు అక్కడే తుడిచేయండి. అది మూఢనమ్మకం, ఏ పునీతుడూ అలా బెదిరించరు. మంచి మాటల్లోనూ జాగ్రత్త కావాలి. "ప్రభూ, నన్ను నీ శాంతి సాధనంగా చేయి" అనే ప్రార్థన అసిసీ ఫ్రాన్సిస్‌వారు రాసినది కాదు. 1912లో ఒక ఫ్రెంచి పత్రికలో రచయిత పేరు లేకుండా మొదటిసారి అచ్చయింది. ప్రార్థన గొప్పదే, చెప్పుకోండి. కానీ ఆయన పేరు తగిలించొద్దు. పునీతుల మాట అని ఎవరైనా పంపితే ఏ ఉత్తరంలో, ఏ పుస్తకంలో ఉందని అడగండి.

సకల పునీతుల పండుగ పేరు తెలిసినవాళ్ళకు మాత్రమే కాదు. పట్టం రానివాళ్ళకు, మన ఇళ్ళల్లో బతికి వెళ్ళినవాళ్ళకు కూడా. ఈ నవంబరులో సమాధులకు సున్నం వేసి పూలు పెట్టేటప్పుడు ఇంట్లో మిగిలిన పెద్దవాళ్ళ దగ్గర ఒక నోటుబుక్కు తీసుకుని కూర్చోండి. తాతమ్మ పొద్దున ఏ జపంతో లేచేది, కరువు ఏడాది బియ్యం డబ్బా తెరిచి ఎవరికి పెట్టింది, ఎవరితో గొడవపడి ఎలా కలిసిపోయింది, దివ్యపూజకు ఎన్ని మైళ్ళు నడిచింది. "మంచిదమ్మా" అని రాయొద్దు, చేసిన పని రాయండి. ఊరు, ఏడాది, పక్కనున్నవాళ్ళ పేర్లు వేయండి. నవంబరు ఆఖరి ఆదివారం ఆ పుస్తకాలు విచారణకు తీసుకురండి, ఉపదేశులు తరగతిలో చదివిస్తారు.